కర్త దొరకని క్రియ

మార్చి 4, మంగళవారం

పొద్దుటి నుంచి ముసురు. వంటింటి కుళాయికి వాషరు మార్చాను. కారడం ఆగింది.

అల్లుడు బాల్కనీలో నిలబడి వాళ్ల అమ్మతో ఫోన్లో మాట్లాడాడు. వాళ్లది స్పానిష్. మా ఆవిడ పోయాక అమ్మాయి దగ్గరికి వచ్చేసిన ఈ కొద్ది నెలల్లో ఆ భాష నాకు వాన చప్పుడు లాంటిదైపోయింది. వినపడుతుంది, వినక్కర్లేదు. ఈరోజు మాత్రం ఒక మాట దగ్గర చెవి ఆగింది. "నో కావే" అన్నాడు. కాసేపాగి మళ్లీ "నో కావే" అన్నాడు. అంటూ నా గది తలుపు వైపు చూశాడు. పక్కనున్న అమ్మాయి కూడా అదే మాట అంది. అంతలో నన్ను చూసింది.

"నాన్నా, టీ తాగుతావా?"

"ఇప్పుడేగా తాగాను."

"ఇంకోటి తాగు."

తాగాను.

మార్చి 5, బుధవారం

మబ్బు. వర్క్‌షాపులో అలమర తలుపులకు చిత్రిక పట్టాను. వస్తూ పాత పుస్తకాల బండి దగ్గర ఒక స్పానిష్ నిఘంటువు కొన్నాను. ఖర్చు ఇంకా రాయలేదు. చదువు కింద వేయాలో వినోదం కింద వేయాలో తేలలేదు.

నిఘంటువు స్పానిష్ నుంచి ఇంగ్లీషుకు. ఇంగ్లీషు నుంచి తెలుగుకు నేనే.

'నో' చూడకుండానే తెలుసు. 'కావే' లేదు. బ, వ ఒకేలా పలుకుతారని ముందుమాటలో ఉంది. సరే, 'కాబే' కోసం వెతికాను. కబేసా అంటే తల. కబేయో అంటే తలవెంట్రుకలు. రెంటి మధ్య వేలు పెట్టుకుని ఆలోచించాను. నాకు జుట్టు లేని మాట నిజం. అది వియ్యపురాలికి ఫోన్ చేసి మరీ చెప్పవలసినంత విషయం కాదు.

మార్చి 7, శుక్రవారం

తెరిపి ఇచ్చింది. గుమ్మం ముందు పట్టా ఆరేశాను.

భోజనాల దగ్గర అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"మామయ్యా, మా అమ్మ వస్తుంది. ఇక్కడే ఉంటుంది. ఎప్పటికీ."

మూడు వాక్యాల్లోనూ తప్పు లేదు. అల్లుడి తెలుగుకు ఆడవాళ్ల దగ్గర, సామాన్ల దగ్గర ఇబ్బంది రాదు. మగవాళ్ల దగ్గరే చిక్కు. అందరినీ 'వచ్చింది, తినింది' అంటాడు. మర్యాద ఇవ్వాలనుకుంటే 'వచ్చిందండీ' అంటాడు.

"మామయ్య సంతోషపడిందా?"

"పడింది," అన్నాను.

"నువ్వూ అలాగే అంటే ఇంక వాడికి ఎప్పుడొస్తుంది నాన్నా?" అని అమ్మాయి కసిరింది.

"దిద్దితే మాట్లాడడం మానేస్తాడు. నాకు తెలుసు."

వియ్యపురాలిది దర్జీ పని. ఒక్కతే ఉంటోంది. చూపు మందగించి సూదిలో దారం ఎక్కించుకోలేకపోతోందట. రావలసిందే. ఈ ఇంట్లో పడకగదులు రెండు. ఒకటి వాళ్లది, ఒకటి నాది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అన్నం బాగుందన్నాను.

మార్చి 9, ఆదివారం

ఎండ. దిండుగలీబులు ఉతికాను. రెండూ.

మాట దొరికింది. నిఘంటువులో క్రియలకు మూలరూపమే ఉంటుందట. వీధిలో ఎదురైన మనిషిని పుట్టినప్పటి పేరుతో వెతకాలన్నమాట. మూలం 'కాబెర్'. ఒక చోట పట్టడం, ఇమడడం. పెట్టెలో చొక్కాలు పట్టడం, బండిలో మనుషులు పట్టడం, అలాంటిది. వెనక పేజీల్లో పట్టిక ఉంది.

నేను: కేపో. నువ్వు: కాబెస్. అతడు, ఆమె, అది: కాబే. మనం: కాబెమోస్. వాళ్లు: కాబెన్. 'మీరంతా' అనడానికి ఇంకో రూపం కూడా ఉంది, కొన్ని దేశాల్లో వాడరట. నేనూ వాడదలుచుకోలేదు.

ఇందులో తేడాగా ఉన్నది 'నేను' ఒక్కటే. నువ్వు, అతడు, మనం, వాళ్లు అందరూ ఉన్నవాళ్లు ఉన్నట్టుగానే పడతారు. నేను పట్టాలంటే మాత్రం మాట మొదలంటా మారాలి. కా పోయి కే రావాలి, బ పోయి ప రావాలి. క్రమం తప్పిన క్రియ అని రాశారు. కారణం రాయలేదు.

నో కాబే: పట్టడు.

మార్చి 10, సోమవారం

లేదా, పట్టదు.

మార్చి 11, మంగళవారం

గాలి. బాల్కనీ తలుపు కొట్టుకుంటుంటే గడియ సరిచేశాను.

ఆ భాషలో మగవాడికీ ఆడమనిషికీ వస్తువుకీ ఒకటే కాబే. పైగా ఎవరన్నది చెప్పకుండానే మాట్లాడతారట. మనకు ఆ ఇబ్బంది లేదు. మగవాడైతే పట్టడు. ఆడమనిషైనా బల్లయినా పట్టదు. దీని మీద మా ఆవిడకు ఒకసారి కోపం కూడా వచ్చింది. "నన్నూ ఈ బల్లనూ ఒకే గాటన కట్టారేమిటి?" అంది. నేనేం చేశాను, వ్యాకరణం నాది కాదు అన్నాను. "మీకేం పట్టదు," అంది. అది వేరే పట్టడం.

అల్లుడన్నది పట్టడు అయితే నేను. పట్టదు అయితే ఇంకేదో. చూసింది నా గది వైపు. గదిలో ఉండేది నేను.

వర్క్‌షాపులో రూపాలు మననం చేసుకుంటుంటే పాలిష్ పనాయన చూశాడు.

"ఏంటి మేస్త్రీ, పెదాలు ఆడుతున్నాయి? జపమా?"

"క్రియ."

"ఉత్త క్రియేనా? కర్త, కర్మ లేవా?"

"కర్త దొరకట్లేదు."

"దొరికితే నాకూ చెప్పండి. ఈ తలుపుకి లప్పం పెట్టకుండా రంగేసి పోయాడెవడో. వాణ్ణే నేనూ వెతుకుతున్నా."

మార్చి 14, శుక్రవారం

మబ్బు. ఈరోజు అల్లుడు ఫోన్లో భవిష్యత్తులోకి వెళ్లాడు. "నో కాబ్రా." ఇకముందు కూడా పట్టడు గాక పట్టడు.

భూతకాలం 'కూపో'. పట్టాడు, పట్టింది. అది ఎవరూ వాడలేదు.

మార్చి 15, శనివారం

వర్క్‌షాపు పైన మేడగది ఒకటి ఉంది. యజమానిని అడిగాను.

"అందులో జిగురు డబ్బాలున్నాయి మేస్త్రీ. ఎవరికి?"

"నాకే. పనికి దగ్గరగా ఉంటుందని."

"అమ్మాయి ఇల్లు ఈ వీధి చివరేగా?"

"అవును."

ఆయన తాళం ఇచ్చాడు. పైకి వెళ్లి చూశాను. గది మంచిదే. కిటికీ తెరుచుకోదు, తెరిస్తే మూసుకోదు. జిగురు వాసన నాకు అలవాటే. నేను పడతాను. మంచం పట్టదు. మెట్లు తిరుగుడు మెట్లు, పట్టెలు విప్పినా మలుపు తిరగవు. మంచం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మార్చి 16, ఆదివారం

ఎండ. బూట్లకు రంగు వేశాను.

నా టేపు పనిముట్ల పెట్టెలో వేరే అరలో ఉంది. ఎవరో తీసి వాడారు. అమ్మాయిని అడిగాను.

"నేనే నాన్నా. నీ గదికి కర్టెన్ కుట్టిద్దామని."

"కిటికీ ఎదురుగోడకు కదా ఉంది. మంచం పక్క గోడ మీద సుద్ద గీతలున్నాయి."

"అక్కడ కూడా ఒకటి వేద్దామని."

"గోడకా?"

"అందంగా ఉంటుంది," అంది, మొహం అటు తిప్పుకుని.

అబద్ధం చెప్పడం దానికి వాళ్ల అమ్మ నేర్పలేదు. నేనూ నేర్పలేదు.

మార్చి 18, మంగళవారం

నిర్ణయించుకున్నాను. వాళ్లు నోరు తెరిచి చెప్పేదాకా ఉండకూడదు. చెప్పలేక వాళ్లు, వినలేక నేను అవస్థ పడడం కన్నా ముందే నేను అనేస్తే మర్యాదగా ఉంటుంది. వాక్యం చిన్నదే. నో కేపో. నేను పట్టను. దానికి తెలుగు కన్నా స్పానిష్ నయం. తెలుగులో అంటే అమ్మాయి ఏడుస్తుంది.

గడ్డం గీసుకుంటూ అద్దంలో సాధన చేశాను. కే దగ్గర తెగింది.

మార్చి 20, గురువారం

చిరుజల్లు. గొడుగు పుల్ల ఒకటి ఊడితే కుట్టాను.

భోజనాల దగ్గర అనేద్దామని కూర్చున్నాను. గ్లాసు నీళ్లు తాగాను. నో కేపో అనబోతే నోట్లోంచి ఇంకొకటి వచ్చింది.

"కియేన్ నో కాబే?"

ఎవరు పట్టరు, అని. అల్లుడి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"మామయ్యా! మామయ్యకి స్పానిష్ వచ్చింది!"

"కొంచెం. ఎవరు పట్టడం లేదు?"

"అది."

"అది అంటే?"

"అది, మామయ్యా. లోపల ఉంది. చాలా పెద్దది. పాతది. గదిలోంచి కదలదు."

"ఎవరు, నేనా?"

"కాదు కాదు! మామయ్య చిన్నది!"

అమ్మాయికి నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మంచం నాన్నా. అమ్మ మంచం."

అమ్మాయే చెప్పుకుపోయింది. గది మధ్యలో చెక్కగోడ పెడితే ఇటు నేను, అటు వియ్యపురాలు. హాల్లోంచి ఇంకో తలుపు తీయొచ్చు. వాళ్లే కొలిచారు. అంత మంచం ఉంటే గోడ రాదు.

"గోడ నువ్వే కడతావనుకున్నాం. మంచం తీసెయ్యమని నీతో ఎలా అనను? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని ఇద్దరం ఒకరి మీద ఒకరం తోసుకుంటున్నాం."

"గోడకి కర్టెన్ అన్నావు."

"మరేమనాలి?"

"నేను వర్క్‌షాపు మేడగది అడిగి వచ్చాను."

"ఎందుకూ?"

"దగ్గరని."

అమ్మాయి కంచం పక్కకు నెట్టింది. "నీకేం పట్టింది నాన్నా, ఇలా తయారయ్యావు!"

అల్లుడు తలెత్తాడు. "ఇది ఏ పట్టు?" అన్నాడు. చిత్రిక పట్టడం, నిద్ర పట్టడం, తుప్పు పట్టడం, అన్నీ వాడు ఎక్కడో రాసుకుంటున్నాడట. ఇది వాడి పట్టికలో లేదు. నాకు వాడి మీద జాలి వేసింది. వాడి క్రియకు మారేది రూపమే, మనదానికి అర్థం.

మార్చి 21, శుక్రవారం

నేనైతే బాగుండేది. నన్ను తీయడం తేలిక.

మార్చి 22, శనివారం

ఎండ. మేడగది వద్దని యజమానికి చెప్పాను. "జిగురు డబ్బాలు బతికిపోయాయి," అన్నాడు.

ఈ మంచం పెళ్లయిన కొత్తలో చేశాను. అద్దె గదిలోనే కూర్చుని, గదిలోనే బిగించాను. గుమ్మంలోంచి బయటికి వెళ్తుందా అని చూసుకోలేదు. ఇల్లు మారిన రోజున తెలిసింది. "లోకంలో అన్నీ కొలుస్తారు, మన గుమ్మం తప్ప. మీకేం పట్టదు," అని మా ఆవిడ ఎత్తిపొడిచింది. ఆ తర్వాత ఇల్లు మారిన ప్రతిసారీ పట్టెలు విప్పడం, మళ్లీ బిగించడం. మంచంతోపాటు ఆ మాట కూడా ఇంటింటికీ వచ్చింది. ఎక్కడ వేసినా గోడవైపు నేను, గుమ్మంవైపు ఆవిడ.

ఇప్పటికీ గోడవైపే పడుకుంటున్నాను. గుమ్మంవైపు ఉతికిన బట్టలు కూడా పెట్టను. దుమ్ము పడుతుందని.

పాలిష్ పనాయనతో మంచం సంగతి అన్నాను. అనకుండా ఉండాల్సింది. సాయంత్రానికల్లా వచ్చాడు.

"మేస్త్రీ, కొనే మనిషి దొరికాడు. పాత కర్ర అంటే పడి చస్తాడు."

"పట్టదు."

"ఎక్కడ పట్టదు? వాళ్లది బంగళా అండీ!"

"అక్కడ కాదు. నాకు."

"మీకేమిటి పట్టనిది?"

"నిద్ర," అన్నాను. అదే నోటికి వచ్చింది.

మార్చి 25, మంగళవారం

ఎండ బాగా కాసింది. మెట్ల దగ్గర బల్బు మార్చాను, చూపు తక్కువ మనిషి వస్తోందని.

వియ్యపురాలు వచ్చింది. పొట్టి మనిషి. కుట్టుమిషను తల విడదీసి, దుప్పట్లో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లెక్కింది. అల్లుడు చేయి చాచినా ఇవ్వలేదు. మిషను బల్ల అక్కడే ఎవరికో ఇచ్చేసి వచ్చిందట.

మనలో అయితే వదినగారూ అని పిలిచేవాణ్ణి. నిఘంటువు చూసి ఉంచుకున్నాను. వియ్యపురాలికి వాళ్ల దగ్గర కొన్‌స్వెగ్రా అని చక్కగా మాట ఉంది. ఇంగ్లీషుకే లేదు, అర్థం చెప్పడానికి ఒక వాక్యం మొత్తం ఖర్చుపెట్టారు. "కొన్‌స్వెగ్రా" అన్నాను. ఆమె ఆగి నావైపు చూసి, "కొన్‌స్వెగ్రో" అంది. పరిచయాలు అయిపోయాయి.

అమ్మాయి గది చూపించింది. ఆమె గుమ్మంలోనే నిలబడింది. మంచం చూసింది. మంచం మీద దిండ్లు రెండూ చూసింది. నా పనిముట్ల పెట్టె, చిలక్కొయ్యకు నా చొక్కా. మిషను ఇంకా చంకలోనే ఉంది. కొడుకు వైపు తిరిగి, మెల్లిగా అంది.

"నో కేపో."

ఆ రూపం మనిషి నోట వినడం ఇదే మొదలు. పుస్తకంలో మాత్రమే ఉంటుందనుకున్నాను. ఇందులో కర్త కోసం వెతుక్కోనక్కర్లేదు. అద్దం ముందు నేను నేర్చుకున్న వాక్యం అది. నా వాక్యం నా గుమ్మంలో ఆమె అనేసింది, అదీ నాకన్నా బాగా.

అల్లుడు గబగబా ఏదో చెబుతున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపుతోంది. వెనక్కి, మెట్ల వైపు చూపిస్తోంది. బల్ల ఇచ్చేసిన మనిషి ఇప్పుడు ఎక్కడికి పోతుందో నాకు తెలియదు. ఆమెకూ తెలిసినట్టు లేదు.

"సీ కాబే," అన్నాను.

పడుతుంది, అని. "కియేన్?" అంది ఆమె.

మర్యాదగా 'మీరు' అన్నప్పుడు కూడా అదే కాబే అని పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. కానీ ఆ మీరు ఏమిటో ఎంతకీ గుర్తు రాలేదు. వేలితో ఆమెను చూపించాను. మిషనును చూపించాను. నన్ను, అల్లుణ్ణి, అమ్మాయిని చూపించాను. ఇంక చూపించడానికి ఎవరూ లేక, అందరినీ 'మనం' కింద కలిపేసి, "కాబెమోస్," అన్నాను.

మంచాన్ని చూపించలేదు.

ఆమె మాత్రం మంచాన్నే చూసింది, చాలాసేపు. తర్వాత మిషను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. చూసిన దానికన్నా బరువుగా ఉంది.

అల్లుడు అమ్మాయి చెవిలో, "మామయ్య చెప్పేసింది," అన్నాడు.

మార్చి 26, బుధవారం

వియ్యపురాలు అమ్మాయి గదిలో పడుకుంది. అల్లుడు హాల్లో. నేను మంచం మీద. గుమ్మంవైపు పడుకుని చూశాను. అటు నుంచి కిటికీలో ఎదురింటి మేడ మీద నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. ఇన్నేళ్లలో ఏ ఇంట్లోనూ మా ఆవిడకు ఏం కనిపించేదో అడగలేదు.

మంచం అమ్మను. రెండు చేస్తాను. తలవైపు చెక్క నిలువునా మధ్యకు కోస్తే చెరో సగానికి ఒక పట్టె, రెండు కోళ్లు వస్తాయి. మిగతా పట్టెలు, కోళ్లు కొత్తవి చెక్కాలి. గోడకు అటు ఒక మంచం, ఇటు ఒక మంచం. కొలిచాను. పడతాయి. గుమ్మం కూడా కొలిచాను.

నా వైపు సగం వియ్యపురాలికి. మా ఆవిడ వైపు సగం నాకు.

మార్చి 27, గురువారం

మబ్బు, వాన లేదు. సెలవు పెట్టాను. పరుపు గోడకు ఆనించి, పట్టెలు విప్పాను.

వియ్యపురాలు తన గుడ్డటేపు తెచ్చింది. నా ఇనుపటేపు పక్కన పరిచి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని పోల్చి చూసింది. తేడా లేదు. తలవైపు చెక్క మీద గీత నేనే గీయబోయాను. పెన్సిలు మొన విరిగింది. చెక్కుకుని మళ్లీ పెడితే మళ్లీ విరిగింది. ఈ కంపెనీ పెన్సిళ్లు ఇంతే. ఆమె జేబులోంచి బట్టల మీద గీసే సుద్ద తీసి, చెక్క మీద వంగి, ఒక్క లాగుడుతో పై నుంచి కిందికి గీసేసింది. చూపు తక్కువని ఎవరన్నారో.

అల్లుడు ఒక చివర కూర్చున్నాడు, కదలకుండా ఆపడానికి.

"మామయ్య ఏడుస్తుందా?"

రంపపు పొట్టు కంట్లో పడిందన్నాను. రంపం ఇంకా పెట్టెలోనే ఉంది. అది అల్లుడికీ కనిపిస్తోంది. తీసి ఇచ్చింది వియ్యపురాలు. ఒక్క నిమిషం అని చెప్పి, రాయాల్సింది రాసేసి వస్తానని ఇటు వచ్చాను. పుస్తకం ఖర్చు చదువు కింద వేశాను.

పిలుస్తున్నాడు. "మామయ్యా, రా! అది పట్టుకో! అది!" అంటున్నాడు. ఏది పట్టుకోవాలో వెళ్లి చూసి వస్తాను.